పక్షవాత చికిత్సా పరిశోధనలు: మనము పాల్గొనుట యెట్లు?

సువార్తలయందు పక్షవాయువుగల యొక మనుష్యుని వృత్తాంతము కలదు. నడువజాలని యాతనిని నలుగురు పరుపుతో మోసికొనివచ్చిరి. జనసమూహము వలన ద్వారము చేరుటకు వీలు లేకపోగా, ఇంటి కప్పు విప్పి, ఆతనిని లోనికి దింపిరి. ఆ నలుగురి పేళ్లు మనకు తెలియవు. వారు మోసిన మనుష్యుడు లేచి నడచెనని మాత్రము తెలియును. నేడు వైద్యులు ఈ వ్యాధికి ఇచ్చుచున్న ప్రతి మంచి మందు వెనుకను అట్టి పేరులేని మోపరులు వేలకొలదిగా కలరు. వారు వైద్యులు కారు, పండితులు కారు. తామే మంచమున పడియున్న రోగులు. తమమీద జరుగు పరీక్షకు సమ్మతించి, తరువాత రాబోవు వారిని మోసినవారు. వారిని గూర్చి మన విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలుపుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

దీనికి కారణము మా విద్యార్థి యొకడు అడిగిన ప్రశ్న. వాడపల్లి చెంతనున్న గ్రామమువాడు. వాని తాతగారికి ఒక తెల్లవారుజామున కాలు, చేయి పడిపోయినవి. పట్టణములో ఒక వైద్యశాలయందు చేర్చిరి. ప్రాణాపాయము తప్పిన పిమ్మట వైద్యులు కొన్ని కాగితములు చేతికిచ్చి, "పక్షవాతమునుండి కోలుకొనువారిని గూర్చి ఒక పరిశోధన జరుగుచున్నది. ఇష్టమున్నయెడల చేరుడు. చేరకున్నను చికిత్సకు లోటు రాదు" అనిరట. ఇంటిలో రెండు పక్షములేర్పడినవి. "ఎలుకలమీద చేయవలసిన ప్రయోగములు మనమీదనా?" అని మేనమామ కోపించెను. "పెద్ద డాక్టరుగారు చెప్పిన తరువాత చదువుటెందుకు? వేలిముద్ర వేయించుడు" అని పెదనాన్నగారు తొందరపెట్టెను. బాలుడు ఆ కాగితములను పుస్తకముల నడుమ పెట్టుకొని మాయొద్దకు వచ్చి, "మాష్టరుగారూ, ఇద్దరిలో ఎవరి మాట సరి?" అని యడిగెను. ఇద్దరిదియు సరికాదని మేము చెప్పితిమి. ఎందుచేత సరికాదో యిప్పుడు సావకాశముగా వివరింతుము.

ముందుగా వ్యాధిని గూర్చి రెండు మాటలు. మెదడు రక్తము లేక కొలది నిమిషములైనను ఓర్వజాలదు. మెదడునకు రక్తము గొనిపోవు నాళములలో ఒకటి గడ్డచేత మూసికొనిపోవచ్చును. లేదా పగిలి లోపల రక్తము చిందవచ్చును. లొల్ల లాకుల నీటితో బ్రదుకు మన ప్రాంతమువారికి ఈ రెంటి భేదము చెప్పనక్కరలేదు. కాలువ పూడినచో దిగువ చేలు ఎండును. గట్టు తెగినచో చేలు మునుగును. పూడికకు చేయు పని గండికి చేసినచో నష్టము హెచ్చును. అటులనే గడ్డను కరిగించు మందు, నాళము పగిలిన రోగికి ఇచ్చినచో ప్రాణాంతకము కాగలదు. ఏది పూడిక, ఏది గండి యని పైకి చూచి నిశ్చయించుట అనుభవజ్ఞుడైన వైద్యునికైనను సాధ్యము కాదు. దానికి సి.టి. స్కాన్ అను యంత్రముతో తీసిన చిత్రము కావలెను. కనుకనే మూతి వంకరపోవుట, చేయి పైకెత్తలేకుండుట, మాట తడబడుట అను మూడు గుర్తులలో ఏదైన నొకటి హఠాత్తుగా కనబడినను, నూనె రాయుచు కూర్చుండక 108కి ఫోను చేయవలెను. శనివారములయందు యాత్రికులతో మన వాడపల్లి దారి యెంత కిక్కిరిసియుండునో యెరిగినవారు ఒక్క నిమిషమైనను ఆలస్యము చేయరాదు.

ఇక పరిశోధన యేల? ఒక మందు మంచిదో కాదో వేసి చూచిన తెలియదా యని మనవారు అడుగుదురు. ఈ వ్యాధి విషయమున అటుల తెలియదు. ఏలనన, పక్షవాతము వచ్చిన పెక్కుమందికి మొదటి కొన్ని మాసములలో ఏ మందు వేసినను వేయకున్నను కొంతవరకు శక్తి తిరిగి వచ్చుచుండును. ఆ సమయమున పావురపు రక్తము రుద్దినవాడు పావురమువలన బాగుపడితిననును. పసరు మ్రింగినవాడు పసరును పొగడును. బాగుపడనివాడు మంచముననే యుండును గనుక వాని సాక్ష్యము ఎవరును వినరు. ఇట్లు వ్యాధి తానుగా తగ్గిన ఖ్యాతి అంతయు ఏదో యొక మూలికకు చెందుచున్నది. చికిత్స ఫలమెంత, కాలము ఫలమెంత యని వేరుచేయుటకు ఒక్కటే మార్గము కలదు: చికిత్స పొందినవారిని, పొందనివారితో సరిపోల్చుట.

ఈ సూక్ష్మము మిక్కిలి ప్రాచీనమైనది. దానియేలు తన స్నేహితులతో పది దినములు శాకధాన్యములు మాత్రమే భుజించి, పిమ్మట రాజభోజనము చేసిన బాలురతో తమ ముఖములను సరిపోల్చి చూడుమని గృహనిర్వాహకుని కోరిన కథ మన విద్యార్థులందరును ఎరుగుదురు. 1747లో జేమ్సు లిండ్ అను ఓడవైద్యుడు స్కర్వీ వ్యాధిచే పీడితులైన 12 మంది నావికులను ఇద్దరిద్దరు చొప్పున ఆరు జతలు చేసి, ఒక్కొక్క జతకు ఒక్కొక్క చికిత్స చేసి చూచెను. నారింజలు, నిమ్మపండ్లు తినిన జతయే త్వరగా కోలుకొనెను. 1948లో బ్రిటిషువారు క్షయవ్యాధికి స్ట్రెప్టోమైసిన్ మందును పరీక్షించినప్పుడు మరియొక నియమము స్థిరపడినది. ఏ రోగి యే వర్గమున చేరవలెనో వైద్యుడు నిర్ణయింపరాదు. చీటి వేసినట్లు నిష్పక్షపాతముగా తేలవలెను. ఎందుకనగా వైద్యుడు తన కిష్టమైన మందును బలవంతులైన రోగులకే యిచ్చినచో, గెలుపు మందుదో బలముదో తెలియదు. నేడు ఈ చీటిని కంప్యూటరు వేయుచున్నది. కడపట రోగిని పరీక్షించి గుణదోషములు వ్రాయు వైద్యునికి ఆతడు ఏ వర్గమువాడో తెలియకుండ దాచుదురు.

చీటివేయుట నిర్దయ కాదా యని కొందరు సంశయింతురు. ఏ చికిత్స మేలో నిశ్చయముగ తెలిసినచో చీటి వేయుట పాపమే. తెలియనప్పుడు మాత్రమే పరిశోధన ధర్మమగును. కీడు చేయదని తోచిన పద్ధతి కీడు చేసిన దృష్టాంతములు కలవు. పక్షవాతరోగిని మొదటి 24 గంటలలోనే మంచమునుండి లేపి, మాటిమాటికి నిలువబెట్టి నడపించినచో త్వరగా కోలుకొనునని చాలమంది నిపుణులు నమ్మిరి. ఐదు దేశములలో 2,104 మంది రోగులతో దీనిని పరీక్షించి 2015లో ఫలితము ప్రకటించిరి. అట్లు తొందరగ, హెచ్చుగ నడపించిన వర్గములో నూటికి 46 మంది మాత్రమే మంచి స్థితికి వచ్చిరి. సాధారణ పద్ధతిలో నున్నవారిలో నూటికి 50 మంది వచ్చిరి. ఆ 2,104 మంది ముందుకు రానిచో, మేలు చేయుచున్నామను నమ్మకముతోనే లోకమంతట రోగులకు కీడు జరుగుచుండెడిది.

మేలు తేల్చిన పరిశోధనలును కలవు. గడ్డను కరిగించు ఆల్టెప్లేసు అను మందును 1995లో అమెరికాలో 624 మందితో పరీక్షించిరి. వ్యాధి వచ్చిన మూడు గంటలలోపల సగముమందికి మందును, సగముమందికి మందులేని ద్రవమును ఇచ్చిరి. మూడు మాసముల తరువాత చూడగా, వైకల్యము లేకుండ, లేదా స్వల్ప వైకల్యముతో మిగిలినవారు మందు పుచ్చుకొనిన వర్గమున స్పష్టముగ హెచ్చుగా నుండిరి. అయితే ఆ వర్గములోనే నూటికి ఆరుగురికి పైగా మెదడులో రక్తస్రావము కలిగినది. రెండవ వర్గములో నూటికి ఒక్కరికైనను కలుగలేదు. మేలును కీడును రెంటిని లెక్కించి చెప్పుటయే సత్యమైన పరిశోధనకు గుర్తు. 2008లో ఐరోపాఖండమున 821 మంది తోడ్పడగా ఈ చికిత్సాకాలము నాలుగున్నర గంటలవరకు పొడిగింపబడెను. ఆస్పిరిన్ మాత్రను గూర్చి 1997లో ఫలితములు తెలిపిన రెండు మహాపరిశోధనలలో 40,000 మందికి పైగా చేరిరి. పక్షవాతము వచ్చిన తొలి దినములలో ఈ మాత్ర ఇచ్చినచో ప్రతి వేయిమందిలో సుమారు పదిమందికి మరణమో, మరల పక్షవాతమో తప్పునని తేలెను. వేయికి పదియన్న ఇంత సన్నని మేలు ఒక ఊరిలోనో ఒక ఆసుపత్రిలోనో కంటికి కనబడదు. కొలది పైసలు ఖరీదుచేయు మాత్ర లక్షలమందికి ఉపకరించుటకు అన్ని వేలమంది మోపరులు కావలసివచ్చిరి.

మన దేశమునకు వత్తము. ఎడిత్ బ్రౌను అను వైద్యురాలు 1894లో లూధియానాలో స్థాపించిన క్రైస్తవ వైద్యకళాశాల నేడు భారతదేశమున పక్షవాత పరిశోధనలకు ఒక ముఖ్యకేంద్రము. 2014 మొదలు 2016 వరకు మన దేశపు 14 వైద్యశాలలలో 1,250 మంది రోగులతో "అటెండ్" అను పరిశోధన జరిగినది. వ్యాయామము చేయించు నిపుణులు పల్లెలలో దొరకుట కష్టము గనుక, ఇంటివారికే ఆ విద్య నేర్పి రోగికి చేయించినచో మేలగునా యని దానిలో పరీక్షించిరి. ఎంత చక్కని ఆలోచన! కాని ఆరు మాసముల పిమ్మట చూడగా, మరణించినవారు, పరులపై ఆధారపడినవారు కలిసి రెండు వర్గములలోను నూటికి 47 మందియే. అనగా సాధారణ చికిత్సకంటె ఆ శిక్షణ వలన అదనపు మేలు కానరాలేదు.

పిమ్మట భారత వైద్యపరిశోధన మండలి ధనసహాయముతో, లూధియానా కేంద్రముగా "స్ప్రింట్ ఇండియా" అను పరిశోధన 2018లో ఆరంభమైనది. 31 వైద్యశాలలు, 4,298 మంది రోగులు. పక్షవాతము మరల రాకుండుటకు మందులు మానకుడు, పొగాకు విడువుడు, రక్తపుపోటు చూపించుకొనుడు అను బోధలను టెలిఫోను సందేశములుగను, చిన్న చలనచిత్రములుగను, ఒక అభ్యాసపుస్తకముగను 12 భాషలలో సిద్ధపరచి సగముమందికి పంపిరి. 2023లో ఫలితము వెలువడెను. ఒక సంవత్సరములో మరల పక్షవాతము, గుండెపోటు మొదలగునవి కలిగినవారు గాని, మరణించినవారు గాని బోధ పొందిన వర్గములో నూటికి 5.5, పొందని వర్గములో 4.9. ఈ భేదము లెక్కకు రాదు. మందులు క్రమముగ వాడుట వంటి అలవాట్లు కొంత మెరుగుపడినవిగాని, వ్యాధి మరల వచ్చుట తగ్గలేదు.

ఇచట మన విద్యార్థి నిరుత్సాహపడవచ్చును: "ఇంతమంది శ్రమపడి ఏమియు సాధింపలేదా?" అని. ఉపాధ్యాయులమైన మాకు ఈ ఫలితము కొంత నొప్పి కలిగించినదియు నిజమే. బోధించినచో చాలునని మేమును నమ్మినవారమే. అయితే ప్రయోగశాలలో లవణపరీక్ష చేయునప్పుడు, ఆశించిన రంగు రానిచో, రాలేదనియే వ్రాయవలెనని మేము నేర్పుచుండుమా? లేదని తెలియుటయు తెలియుటయే. ఆ 1,250 మంది, ఆ 4,298 మంది "ఈ దారి గమ్యము చేర్చదు, వేరొక దారి వెదకుడు" అని గురుతురాయి పాతి వెళ్లిరి. మోసినవారి పుణ్యము ఫలితమునుబట్టి తరుగదు.

ఇంతవరకు మేనమామగారికి సమాధానము. ఇక పెదనాన్నగారికి. చదువకుండ వేయు వేలిముద్ర సమ్మతి కాదు. మన తెలుగుదేశముననే దీనికి సంబంధించిన చేదు పాఠమొకటి కలదు. 2009లో అప్పటి ఖమ్మము జిల్లాయందు సుమారు 14,000 మంది బాలికలకు గర్భాశయముఖ క్యాన్సరును నివారించు టీకాను ఒక పరిశీలనా కార్యక్రమమున వేసిరి. టీకా మంచిదే, నేడు అనేక దేశములలో వాడుకలో నున్నది. కొందరు బాలికలు తరువాత మరణించిరి. ఆ మరణములకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కాని పెక్కు సమ్మతిపత్రములపై తలిదండ్రులకు బదులు వసతిగృహపు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకములు చేసినట్లు బయలుపడెను. 2010లో కార్యక్రమము నిలిచిపోయినది. 2013లో పార్లమెంటు స్థాయీసంఘము సమ్మతి తీసికొనిన విధమును తీవ్రముగా ఖండించెను. పరుని బిడ్డకు బదులుగా సంతకము పెట్టిన చేతులలో ఉపాధ్యాయుల చేతులును ఉండెనన్నమాట మావంటివారు మరువరానిది. దానము దాత చేతితోనే జరుగవలెను. వేరొకడు తీసి యిచ్చినచో అది దానము కాదు.

ఇప్పటి నియమములు ఈ విషయమున గట్టివి. 2019లో వెలువడిన కొత్త మందుల పరీక్షా నియమముల ప్రకారము, ప్రతి పరీక్షను ముందుగా ఒక నైతికసంఘము పరిశీలించి యంగీకరింపవలెను. దానిలో ఏడుగురికి తక్కువ కాకుండ సభ్యులుండవలెను. వారిలో ఒక స్త్రీ, ఒక న్యాయశాస్త్రజ్ఞుడు, వైద్యము చదువని సామాన్యుడొకడు తప్పక యుండవలెను. సగముమంది ఆ వైద్యశాలకు చెందనివారై యుండవలెను. రోగికి చదువు రానిచో, సమ్మతి గూర్చి మాటలాడునంతసేపును నిష్పక్షపాతియైన సాక్షి దగ్గర నుండవలెను. రోగి తానుగా నిర్ణయింపలేని స్థితిలో నున్నప్పుడు మాత్రమే చట్టసమ్మతమైన బంధువు ఆతని తరపున సమ్మతింపవచ్చును. పరీక్షవలన హాని కలిగినచో ఉచిత చికిత్సయు, నష్టపరిహారమును పొందు హక్కు కలదు. మొదలుపెట్టిన తరువాత ఏ దినముననైనను, కారణము చెప్పకయే, విరమించుకొనవచ్చును.

ఇచట ఒక హెచ్చరిక. పక్షవాతము వచ్చినవారిలో మాట పోయినను తెలివి పోనివారు పెక్కుమంది. వారిని మంచమున నుంచి, వారి తలమీదుగా బంధువులు మాటలాడుకొనుట క్రూరత్వము. మెల్లగా, చిన్న వాక్యములతో చెప్పి, అవునో కాదో చేతితోనో కనురెప్పతోనో తెలుపుమని అడుగవలెను.

మరియొక హెచ్చరిక. పరిశోధన యను పేరు పెట్టి ధనము లాగువారు కలరు. ఎముకమజ్జనుండి తీసిన మూలకణములను ఎక్కించి పక్షవాతము కుదుర్చుదుమని లక్షలు అడుగు ప్రకటనలు కనబడుచుండును. మన దేశపు వైద్యులే ఐదు వైద్యశాలలలో 120 మంది రోగులతో అట్టి చికిత్సను పరీక్షించి, 2014లో ఫలితము ప్రకటించిరి: అపాయమేమియు కనబడలేదు, మేలును కనబడలేదు. పరీక్షింపబడుచున్న మందునకు రోగినుండి వెల తీసికొనువాడు మీ సహాయము కోరుటలేదు, మీ పొలము కోరుచున్నాడని తెలిసికొనుడు.

కనుక కాగితములు చేతికి వచ్చినప్పుడు, ఇంటిలో చదువు వచ్చిన బాలుడో బాలికయో వానిని పెద్దలందరు వినునట్లు తెలుగులో బిగ్గరగా చదువవలెను. సంతకమును సాక్ష్యమును పెద్దలవే. చదివి వినిపించుట మాత్రము మీ పని. తెలుగు ప్రతి లేనిచో కావలెనని అడుగుడు. పిమ్మట వైద్యుని ఈ ప్రశ్నలు అడుగుడు. ఈ పరిశోధన దేనిని తెలిసికొనుటకు? చీటి ఏ వర్గమునకు వచ్చినచో మాకేమి జరుగును? చేరకున్నచో ఏ చికిత్స దొరకును? రాగల కీడులేమి? ఎన్నిమారులు రావలెను, దారిఖర్చు లెవరివి? హాని కలిగినచో ఎవరికి చెప్పవలెను? 2007లో నెలకొల్పిన జాతీయ పట్టికలో ఈ పరిశోధన నమోదైన సంఖ్య యేది? ఆ పట్టికను ఎవరైనను ఉచితముగ చూడవచ్చును. సంతకము చేసిన పత్రముయొక్క ప్రతి యొకటి ఇంటికి తెచ్చుకొనుడు. ఈ ప్రశ్నలకు విసుగుకొను చోట చేరకుడు. ఓపికతో చెప్పు చోట నిర్భయముగ ఆలోచింపుడు. మొదటి గంటలలో జరుగు అత్యవసర పరీక్షలకు ఇంత వ్యవధి యుండదు. ఈ సంగతులను ఆరోగ్యముగా నున్న దినములలోనే చదివి యుంచుకొనవలెననుట అందుకొరకే.

ఆ బాలుడు రెండు సాయంకాలములు తాతగారి మంచము ప్రక్కన కూర్చుండి కాగితములన్నియు చదివి వినిపించెను. మేనమామగారు నాలుగు ప్రశ్నలు వేసి వైద్యునిచే సమాధానములు పొందెను. తాతగారికి అప్పటికింకను మాట రాలేదు. చేరుదురా యని అడుగగా, బాగుగానున్న ఎడమచేతితో మనుమని మణికట్టు పట్టుకొని తల యూపెనట. నేడాయన కఱ్ఱ ఊతగా కాలువగట్టు దనుక నడచుచున్నారు. అది పరిశోధనవలన కలిగిన మేలా, కాలమువలన కలిగినదా యనునది ఆయనకు తెలియదు, మాకు తెలియదు. ఆ పరిశోధన ముగిసి లెక్కలు తేలిననాడు కూడ ఒక్క ఆయనను గూర్చి ఎవరును చెప్పజాలరు. ఆయనవంటి వేలమందిని గూర్చి మాత్రము చెప్పగలరు. మంచమునకు నాలుగు కోళ్లు. ఆయన ఒక కోడు పట్టుకొనిరి. మోయబడుచున్నవాడు మనము ఎరుగని యింటివాడు, ఇంకను పుట్టనివాడైనను కావచ్చును.